అందఱివలె నుండలేని సోదరి

గత మాసమున గోదావరీ డెల్టానుండి ఒక సోదరి మాకు 14 పుటల లేఖ వ్రాసెను. తన పేరును, ఊరును, సంఘమును ప్రకటింపవలదని కోరెను గనుక వానిని విడిచి, తక్కిన సంగతిని ఆమె యనుమతితో మన సోదరీమణుల ముందుంచుచున్నాము. ఆమెకు ముప్పదినాలుగేండ్లు. ఇద్దఱు బిడ్డల తల్లి. మిక్కిలి కట్టుబాట్లు గల క్రైస్తవ సంఘములో పుట్టి, అట్టి సంఘములోని పెద్దగారి యింటికే కోడలుగా వచ్చినది. ఆ సంఘమున స్త్రీలు నగలు ధరింపరు, పూలు ముడువరు. ఆరాధనలో తలపై ముసుగు వేసికొని, ఒక ప్రక్కను చాపలపై కూర్చుందురు. సభలో నోరెత్తి బోధింపరు.

రెండేండ్ల క్రిందట చిన్నవానికి మాటలు ఆలస్యమగుచున్నవని వైద్యురాలియొద్దకు తీసికొనిపోగా, ఆటిజమని తేలినది. బిడ్డ సంగతులడుగుచున్న ఆ వైద్యురాలు క్రమముగా తల్లి సంగతులును అడుగసాగెను. నాలుగైదు మాఱులు కూర్చుండబెట్టి, బాల్యమునుండి సర్వమును విచారించి, తుదకు "అమ్మా, మీకును ఇదియే కలదు" అని చెప్పి కాగితము వ్రాసియిచ్చెను. ఆ మాట విని దారిపొడుగునను ఏడ్చితిననియు, అది దుఃఖము కాదనియు, ముప్పదియేండ్లుగా తనను పిలుచుచు వచ్చిన పేర్లన్నియు ఆ దినమున ఊడిపోయినట్లు తోచినదనియు ఆమె వ్రాసినది. కాని సంఘములోని స్త్రీలు ఇది యొక బంధకమనియు, ఏడు శుక్రవారములు ఉపవాసముండి ప్రార్థన చేయించుకొనవలయుననియు పట్టుబట్టియున్నారట. ఈ కాగితమును నమ్ముట అవిశ్వాసమా? దీనిని సంఘములో చెప్పవలెనా, దాచవలెనా? ఆమె మమ్మడిగిన ప్రశ్న లివి.

ఇది క్రైస్తవ గృహముల సంగతి, మాకేమి యని తక్కిన సోదరీమణులు పుట త్రిప్పవలదు. ఇట్టి కోడలు, ఇట్టి కూతురు లేని కులము లేదు, మతము లేదు. అయినను ఈ మాఱు క్రైస్తవ సంఘమును గుఱించియే వ్రాసెదము. లేఖ అక్కడినుండి వచ్చినది. మేమును అక్కడనే పెరిగితిమి. మా తండ్రిగారు మిషను పాఠశాలలో తెలుగు పండితులు. ఉదయమున సువార్తయు, దీపములు పెట్టిన పిమ్మట ఆంధ్ర మహాభారతమును మాచేత చదివించెడివారు. ఆ రెండింటి భిక్షయే ఈ పుట.

మొదట విషయమేమో తెలియవలయును గదా. ఆటిజము జ్వరమువలె వచ్చి పోవునది కాదు. పుట్టుకతోనే మెదడు అల్లిక వేఱుగా నుండుట. ఇట్టివారికి ఎదుటివారి ముఖమును చూచి మనసు పట్టుట, మాట చాటున దాగిన భావమును గ్రహించుట కష్టము. చెప్పినది చెప్పినట్లే అర్థము చేసికొందురు. నిత్యక్రమము హఠాత్తుగా మాఱినచో కలతనొందుదురు. మనసు పట్టిన విషయమున గంటలకొలది మునిగియుందురు. చప్పుడు, వెలుతురు, వాసన, బట్ట రాపిడి మనకంటె మిక్కిలి యెక్కువగానో, ఒక్కొక్కప్పుడు మిక్కిలి తక్కువగానో వారికి సోకును. ఈ కడపటి సంగతిని 2013లో అమెరికా మనోవైద్యులు తమ గ్రంథమున లక్షణములలో చేర్చిరి గాని, ఇట్టి బిడ్డలను పెంచిన తల్లులకు అది యెప్పుడును తెలిసినదే. అందఱిలోను అన్నియు ఒకే పాళ్లలో నుండవు. కొందఱికి మాటయే రాదు, జీవితాంతము ఒకరి తోడు కావలయును. కొందఱు బడులలో పాఠములు చెప్పుదురు, సంసారములు నడుపుదురు. రక్తపరీక్షచేత గాని, తలకు తీయు ఫోటోలచేత గాని ఇది తెలియదు. బాల్యచరిత్ర విచారించి, మనిషిని గమనించి, ఆ విద్య తెలిసినవారు నిర్ణయింతురు. దీనిని పోగొట్టు మాత్ర లేదు. ఉన్నదని అమ్మవచ్చినవారిని గుమ్మమునుండియే పంపివేయుడు.

దీనికి చుట్టము వంటిది మఱియొకటి కలదు. ఏడీహెచ్‌డీ యని పొడి అక్షరములతో పిలుతురు. బాలురలో అది గంతులుగా, అల్లరిగా కనబడును. బాలికలలో తఱచుగా పరధ్యానముగానే యుండిపోవును గనుక ఎవరి కంటను పడదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోవుట, తాళపుచెవి చేతిలో నుంచుకొని యిల్లంతయు వెదకుట, ప్రార్థనకై కన్నులు మూసిన మఱుక్షణమే మనసు కూరగాయల బండియొద్దకు పోవుట. దీనికి మాత్రము పనిచేయు మందులు కలవు. వైద్యుల చూపులో వాడుకొనవలయును. మన లేఖకురాలికి ఇదియు కొంత కలదట. 2013కు పూర్వము ఒకే మనిషికి ఈ రెండు పేర్లను వ్రాయరాదని వైద్యుల నియమ ముండెడిది.

స్త్రీలలో ఆటిజము ఇంతకాలము కనబడకుండుటకు కారణము లేకపోలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోరునందు లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను వర్ణించి వ్రాసెను. అందు 8 మంది బాలురు, ముగ్గురే బాలికలు. 1944లో వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ వివరించి వ్రాసిన నలుగురును బాలురే. వీరిద్దఱికంటె ముందుగా మాస్కోలో గ్రున్యా సుఖరేవా యను వైద్యురాలు 1926లో బాలురను గుఱించియు, 1927లో బాలికలను గుఱించియు ప్రకటించినది. ఆ స్త్రీ వ్రాసినదానిని లోకము చిరకాలము మఱచియుండెను. నలుగురు బాలురకు ఒక బాలిక యని చెప్పుచు వచ్చిరి. 2017లో అనేక పరిశోధనలను కలిపి లెక్కచూచినవారు, ముగ్గురికొకతె యనుట సత్యమునకు దగ్గఱ యనిరి. పరీక్షించు కొలబద్ద బాలురను చూచి చేసినది. దానితో కొలిచిన బాలికలు తక్కువగానే తేలుదురు.

ఇంకొక కారణము మన యిండ్లలోనే యున్నది. ఆడుపిల్ల నవ్వవలయును, పలుకరింపవలయును, ఒదిగియుండవలయునని మూడేండ్లనుండియే నేర్పుదుము. మాటలు రాని చోట ఆమె ఇతరులను చూచి వల్లించును. పెద్దక్క ఎట్లు నవ్వునో, మేనత్త ఎట్లు తలయూపునో చూచి, అద్దము ముందు అభ్యసించును. మన లేఖకురాలు పదవయేటనే "పరామర్శకు చెప్పవలసిన మాటలు" అని నోటుపుస్తకము వ్రాసికొనినదట. ఇట్లు తన స్వభావమును కప్పిపుచ్చుకొని బ్రతుకుట అలసటకును, దిగులునకును, ఆందోళనకును దారితీయునని ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు. తలమీది ముసుగు ఇంటికి రాగానే తీసి మడచిపెట్టవచ్చును. ఇది అట్లు కాదు.

ఇక సంఘమునకు వత్తము. ఆమె వర్ణించిన ఒక ఆదివారమును సంగ్రహించి చెప్పెదము. రేకుల కప్పు గల హాలు. కీబోర్డు, డోలు, తాళములు, నాలుగు మూలలను నాలుగు స్పీకర్లు. అందఱును ఏకకాలమున గొంతెత్తి ప్రార్థించు సమయమున ఆమెకు చెవులలో సూదులు గ్రుచ్చినట్లుండును. ప్రార్థన మాట యటుండగా, తన బిడ్డల పేర్లును జ్ఞప్తికి రావు. గంజిపెట్టిన తెల్లచీర అంచు మెడకు రాచుకొనుచుండును. ప్రక్కనున్నవారి తలనూనె, పౌడరు వాసనలకు కడుపులో త్రిప్పును. మూడు గంటలు. ఆమె తల వంచి, చీర కుచ్చెళ్ల మాటున కాలివ్రేలితో చాప అంచును రాయుచు, రేకులకు కొట్టిన మేకులను మనసులో లెక్కించుచు కూర్చుండును. అది చేయకున్న లేచి పరుగెత్తవలసివచ్చునట. చూచినవారు, "ఆరాధనలో లీనము కాదు, ఆమెకు ఆత్మలో చల్లదనము" అనిరి.

అసలు పరీక్ష ఆరాధన ముగిసిన పిమ్మట. ప్రతి సోదరితోను చేయి కలిపి, కన్నులలోనికి చూచి, "వందనములు" చెప్పి, యోగక్షేమము లడుగవలయును. ఆమె వెనుక నున్న కుళాయియొద్దకు పోయి, పిల్లవాని కాళ్లు కడుగు నెపమున జనము పలుచబడువఱకు నిలిచియుండును. "పెద్దగారి కోడలికి గర్వము" అనిరి. ఇందులో మాకొక వింత కనబడినది. స్త్రీ సభలో మౌనముగా నుండవలయునని ఈ సంఘములు అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికనుండి నియమము చేసికొనినవి. మౌనమే స్వభావముగా గలవారు ఆ నియమమున ఉత్తీర్ణులు కావలసినది. అట్లు కాలేదు. సభలో పలుకుట తప్పు, సభ వెలుపల పలుకకుండుట తప్పు. ఈ రెంటి నడుమ పాపము ఆమెకు నిలువ చోటు లేదు.

గృహప్రార్థనలకు వచ్చువారు ముందుగా చెప్పి రారు. ఒక పర్యాయము పొరుగూరి ప్రసంగీకులు సకుటుంబముగా రాగా, ఆమె గుమ్మములోనే "ఎప్పుడు వెళ్లెదరు?" అని యడిగెను. ఎన్ని పూటలకు వండవలయునో తెలిసికొనుట ఆమె యుద్దేశము. మన తెలుగుదేశమున అతిథిని అట్లడుగుట యెంత తప్పో వేఱుగ చెప్పనక్కఱలేదు. అత్తగారు మూడు దినములు మాటాడలేదు. మఱియొకప్పుడు స్త్రీల కూటమున అయ్యగారు తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురు వచ్చిరని బోధించుచుండగా, "ముగ్గురని సువార్తలో లేదండీ" అని ఈమె అనెను. మేమును తెఱచి చూచితిమి. మత్తయి సువార్త రెండవ అధ్యాయమున కానుకలు మూడు విధములు గలవు గాని, జ్ఞానుల సంఖ్య లేదు. ఆమె పలికినది సత్యమే. అయినను ఆ దినమునుండి అమ్మగారు ఆమెను "తిరుగుబాటు ఆత్మ" యనుచున్నారట. ఇదే మాటను పురుషుడొకడు అనియుండినచో "వాక్యములో గట్టివాడు" అనెడివారు. మాటాడక మూలను కూర్చుండి గ్రంథము చదువుకొను పురుషుని ధ్యానపరుడందురు. అతిథులను పలుకరింపని పురుషుని "ఆయన లోకము ఆయనది" అని నవ్వి విడుతురు. కోడలికి ఆ వెసులుబాటు ఏ సంఘమిచ్చినది?

ఇంతమాత్రమున ఆమె సంఘమును విడువగోరుచున్నదని తలంపవలదు. ఆ లేఖలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన పుటలు వేఱు. పదునొకండవ యేట 119వ కీర్తనను, 176 వచనములను, ఒక్క తప్పు లేకుండ ఒప్పజెప్పి సండే స్కూలులో బహుమతి పొందినది. దినవృత్తాంతముల మొదటి గ్రంథమున తొమ్మిది అధ్యాయముల వంశావళులు కలవు. అందఱును దాటిపోవు ఆ పేర్ల పట్టికలు ఆమెకు సంగీతమట. ప్రతి ఆదివారము అదే వేళకు, అదే చాపమీద, అదే క్రమమున కీర్తనయు, పాఠమును, రొట్టె విరుచుటయు జరుగుట ఆమెకు ఊపిరి. లోకమంతయు నిమిషమున కొకరీతిగా మాఱుచుండగా, ఏమి జరుగునో ముందుగా తెలిసిన స్థలము అదొక్కటే. కట్టుబాట్లు కఠినములని మనమందుము గాని, వ్రాసియున్న కట్టుబాటు ఆమెకు బాధ కాదు. వ్రాయని కట్టుబాట్లు, అనగా ఎప్పుడు నవ్వవలయును, ఎవరిని ముందు పలుకరింపవలయును అనునవి, అవియే బాధ. ఈ భేదమును ఆమె చెప్పువఱకు మాకును తోచలేదు.

గ్రంథము నెఱిగిన ఆ సంఘపు స్త్రీలకు గ్రంథమునుండియే యొక కథ జ్ఞాపకము చేయుదుము. సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయమున హన్నా కలదు. ఏటేట షిలోహు మందిరమునకు పోవును. బిడ్డలు లేరని సవతి దెప్పగా ఏడ్చి, అన్నము మానును. ఒకనాడు లేచి మందిరమున ప్రార్థించెను. అక్కడ జరిగినదేమి? ఆమె గొంతు వినబడలేదు. పెదవులు మాత్రము కదలినవి. ద్వారబంధము నొద్ద కూర్చుండిన యాజకుడు ఏలీ ఆమె నోటినే చూచుచుండెను. అందఱు ప్రార్థించురీతిగా ఈమె ప్రార్థింపలేదు గనుక, త్రాగియున్నదని నిశ్చయించి గద్దించెను. ఆయన చెడ్డవాడు కాడు. మందిరమును కాచు పెద్ద. త్రాగుబోతులను అక్కడికి రానీయకుండుట ఆయన పని. కాని ఆయన చూచినది పెదవులను మాత్రమే. హన్నా వినయముగా, అయినను దాచక, తాను త్రాగలేదనియు, మనోవేదనచేత ప్రార్థించుచున్నాననియు చెప్పెను. ఏలీ రుజువు లడుగలేదు. ఉపవాసముండి పరీక్షించుకొని రమ్మనలేదు. తన మాటను అక్కడికక్కడే విడిచి ఆశీర్వదించి పంపెను. ఆమె పోయి భోజనము చేసెను. మన సంఘములలో హన్నాను గూర్చి మాతృదినములలో ఎన్ని ప్రసంగములు వినలేదు! ప్రసంగమంతయు బిడ్డ పుట్టుటను గుఱించియే. ఏలీ మాట మార్చుకొనిన ఆ యొక్క వచనముమీద ప్రసంగము మేమింతవఱకు వినలేదు.

భాగవతము చదివిన సోదరీమణులకు జడభరతుడు జ్ఞాపకము వచ్చుచుండును. పల్లకి మోయుచు, నేలమీది చీమలు నలుగకుండ అడుగులు చూచి వేయుటచేత పల్లకి కుదుపగా, రహూగణుడు పరిహసించెను. కాని జడుని వేషము ఆయన తానై ధరించినది. మన సోదరి ధరింపగోరిన వేషము అందఱివంటి వేషమే. దానిని ధరించియే అలసినది. కనుక ఈ యుపమానమును ఇంతటితో విడుతము.

పండిత రమాబాయిగారిని గుఱించి ఒక మాట. తల్లిచేత యింటిలో సంస్కృతము చదివి, 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొందిన ఆమె, తనకు బోధించు ఆంగ్ల సన్యాసినికి సిద్ధాంతములమీద ప్రశ్నలు వ్రాయగా, ఆ సన్యాసిని అందులో గర్వమును, అవిధేయతను చూచెను. ఆ ఉత్తరప్రత్యుత్తరములు నేడును లభించును. రమాబాయిగారికి ఆటిజము కలదని మేమనుట లేదు. నూఱేండ్ల క్రిందట పోయినవారికి జబ్బుల పేర్లు పెట్టుట మాకు సరిపడదు. ప్రశ్న యడిగిన స్త్రీకి ఏ పేరు దొరకునో చూపుటకే చెప్పితిమి.

ఇప్పుడు ఏడు శుక్రవారముల సంగతి. ప్రార్థన వలదని మేమెట్లందుము? ఆమెకు నెమ్మది కలుగుటకై ప్రార్థింపుడు. ఆమె యనుమతి యడిగి ప్రార్థింపుడు. నలుగురు చుట్టును మూగి, తాకిన నిప్పువలె తోచు ఆమె తలమీద చేతులుంచి, గట్టిగా కేకలు వేయుచు, పుట్టుకతో వచ్చిన స్వభావమును దయ్యమని పిలిచి పొమ్మనుట వేఱు. అది పోదు. పోనప్పుడు తప్పెవరిదగును? "నీలో విశ్వాసము లేదు" అందురు. అప్పుడామె వైద్యమును కాక దేవునినే పోగొట్టుకొనును. లేఖలో ఇంతకంటె భయంకరమైన వాక్య మొకటి కలదు. చిన్నవానికి మూర్ఛ కూడ కలదట. ఆటిజము గలవారిలో అది తక్కినవారికంటె ఎక్కువగా కనబడును. "విశ్వాసముతో మాత్రలు మానిపింపుము" అని ఒక సోదరి సలహా నిచ్చినదట. అమ్మా, ఈ యొక్క విషయమున ఎవరి మాటయు వినకుడు. మూర్ఛ మాత్రలను హఠాత్తుగా మానినచో ఫిట్లు ఆగకుండ వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. మార్చవలసినచో వైద్యులే మెల్లగా మార్తురు.

వైద్యమును నమ్ముట అవిశ్వాసమని మన తెలుగు క్రైస్తవులు అనుట మాకు వింతగా నున్నది. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ పిమ్మట అక్కడ స్త్రీలకును, శిశువులకును వైద్యశాల నెలకొల్పెను. వెల్లూరున ఐడా స్కడర్ 1918లో స్త్రీలకు వైద్యవిద్యాలయము తెఱచెను. మన అమ్మమ్మలలో ఎందఱు అట్టి మిషను ఆసుపత్రులలో పురుడు పోసికొనలేదు? విఱిగిన కాలికి కట్టు కట్టించుకొనుట విశ్వాసమునకు అడ్డు కాదు గాని, మెదడు సంగతి వైద్యురాలు చెప్పినచో అడ్డగునా?

ఇంకొక నింద కూడ లేఖలో నున్నది. బిడ్డకు ఇట్లగుటకు తల్లి పాపమో, తల్లి ప్రేమలేమియో కారణమని తోడికోడలు అన్నదట. ఈ నిందను చదువుకొనినవారును మోపిరి. బ్రూనో బెటల్‌హైమ్ అను ఆయన 1967లో ప్రకటించిన గ్రంథమున, బిడ్డను మనసార కోరని తల్లులవలన ఆటిజము కలుగునని వాదించెను. ఎందఱు తల్లులు ఆ మాటకు కుమిలిరో! ఆ వాదము తప్పని అంతకుముందే, 1964లో, స్వయముగా ఇట్టి కుమారుని కన్న బెర్నార్డ్ రిమ్లాండ్ వ్రాసియుండెను. 1977లో లండనులో కవలబిడ్డలను పరీక్షించి, ఇందులో వంశపారంపర్యము ముఖ్యమని చూపిరి. తల్లికిని బిడ్డకును ఉండుటలో ఆశ్చర్యము లేదు. పుట్టు గ్రుడ్డివానిని చూపి ఇది ఎవరి పాపమని శిష్యులడిగినప్పుడు, వాడును కాదు, వాని తల్లిదండ్రులును కారని ప్రభువు చెప్పినది యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున కలదు. తోడికోడలికి ఆ యధ్యాయము చూపవచ్చును. ఇట్టి పని మన లేఖకురాలు చక్కగా చేయగలదని నమ్ముచున్నాము.

చెప్పవలెనా, దాచవలెనా? మొదట భర్తకు పూర్తిగా చెప్పుడు. ఆయన వైద్యురాలియొద్దకు ఒక్క మాఱైనను రాలేదని వ్రాసితిరి, తీసికొనిపొండు. మీరు చెప్పిన దానికంటె వైద్యురాలు చెప్పినది ఆయన చెవికి ఎక్కును. ఇది న్యాయము కాకపోయినను నిజము. పిమ్మట అత్తగారికి. ఆమె భయము మీ గుఱించి కాదు, పదునొకండేండ్ల మనుమరాలి పెండ్లి గుఱించి. "ఈ మాట బయటికి పొక్కిన పిల్లకు సంబంధము రాదు" అని ఆమె యనుట క్రౌర్యము కాదు. మన దేశమున అట్లే జరుగుచున్నది గనుక అనుచున్నది. అందుచేత మైకు ముందు నిలిచి సాక్ష్యముగా చెప్పుమని మేము సలహా నియ్యము. సాక్ష్యము చెప్పినచో సంఘము ముగింపు కోరును, "స్వస్థత కలిగినది" అను ముగింపు. మీయొద్ద ఆ ముగింపు లేదు. అయ్యగారి భార్యకును, నోరు మెదపని మఱి యొకరిద్దఱికిని చెప్పుడు. నోటితో చెప్పుట కష్టమైనచో వ్రాసి యిండు. మాకు వ్రాసిన లేఖలో సగము చాలును.

కాగితమును పారవేయకుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది, ఆటిజము అందున్నది. చిన్నవాని బడి విషయమున ఆ చట్టము అక్కఱకు వచ్చును. సికిందరాబాదులోని కేంద్రప్రభుత్వ సంస్థలో బిడ్డల శిక్షణను గుఱించి తల్లులకు నేర్పుదురు. పెద్దవారిని పరీక్షింప నేర్చినవారు పట్టణములలోనే యెక్కువ గనుక, ఇట్లే సందేహపడుచున్న సోదరీమణులు జిల్లా ఆసుపత్రి మనోవైద్యులతో మొదలుపెట్టవచ్చును. దిగులు మితిమీరి, ఎవరికిని చెప్పుకొనలేని రాత్రి 14416 అను ప్రభుత్వ ఫోనునకు తెలుగులోనే మాటాడవచ్చును, సొమ్ము అక్కఱలేదు.

సంఘములోని అమ్మగారు ఈ పుట చదువుచున్నచో, ఆమెకు చేయవలసిన మేలు పెద్దది కాదు. స్పీకరునకు దూరముగా, తలుపు ప్రక్కను, చాప చివర చోటు. చెవులలో దూది పెట్టుకొనినచో చూడనట్లుండుట. ఆరాధనక్రమము మాఱునప్పుడు ముందునాడే ఒక మాట. హఠాత్తుగా పేరు పిలిచి ప్రార్థింపుమనకుండుట. గుమ్మమున నిలిచి వందనములు చెప్పు పనికి బదులుగా సండే స్కూలు హాజరుపట్టీలు, కంఠత వాక్యములు అప్పగించుకొనుట, కానుకల లెక్క. ఆ లెక్కలో ఆమె చేతినుండి ఒక రూపాయి తప్పిపోదు.

వచ్చే నెల మూడు దినముల సభలు గలవనియు, వేలాదిమంది వత్తురనియు, పెద్దగారి కోడలుగా పోకతప్పదనియు, ప్రేమవిందులో వడ్డించువారి వరుసలో తన పేరు వేసిరనియు లేఖ చివర నున్నది. పొండు. తెల్లవాఱుజామున ప్రార్థనకు అందఱికంటె ముందుగా చేరి మూలను కూర్చుండుడు. ఆ వేళ స్పీకర్లు మేలుకొనవు. రాత్రి కూటములలో ఒకటి మానుకొనుడు, చిన్నవాని నిద్ర నెపము చాలును, అది నిజము కూడను. వడ్డనకు బదులుగా పందిరి వెనుక డేగిసాలు తోము పనిని ఇప్పుడే అడిగి తీసికొనుడు. నీళ్ల చప్పుడు మీకు హాయియని వ్రాసితిరి. అక్కడ ఎవరును కుశలమడుగరు. మఱియు ఆ పనికి మాకు తెలిసినంతవఱకు ఏ సంఘములోను పోటీ లేదు.